ఎడ్గార్ థర్స్టన్

ఎడ్గార్ థర్స్టన్ (1855 - అక్టోబరు 12, 1935) మద్రాసు ప్రభుత్వ మ్యూజియమునకు రెండు దశాబ్దాలకు పైగా అధిపతిగా పనిచేసిన ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు. 1909లో ఏడు సంపుటాలుగా వెలువడిన దక్షిణ భారత కులాలు, తెగలు అనే గ్రంథానికి కర్తగా ఇతడు ప్రసిద్ధుడు. వృత్తి రీత్యా వైద్యుడు. జంతుశాస్త్రం, వృక్షశాస్త్రం, నాణేల శాస్త్రం, మానవశాస్త్రం అన్నింటిలోనూ పనిచేశాడు. దక్షిణ భారతంలో వేలాది మంది తలలను, ముక్కులను, ముఖాలను పరికరాలతో కొలిచి పట్టికలు కట్టాడు. కొలతకు ముందు తలను ఏ స్థితిలో నిలపాలి, ముఖం యొక్క వాలును ఏ గీతను ఆధారం చేసుకొని చెప్పాలి అనేవి ఆ కాలపు మానవశాస్త్రజ్ఞులను వేధించిన ప్రశ్నలు. అవే ప్రశ్నలు తరువాత ఎగుడు దిగుడు పళ్ళను సరిచేసే దంతవైద్య శాఖకు (ఆర్థోడాంటిక్స్) సంక్రమించాయి. నేటి తిరుపతి, చిత్తూరు జిల్లాల ప్రాంతం థర్స్టన్ కాలంలో చాలావరకు ఉత్తర ఆర్కాడు జిల్లాలో ఉండేది. ఆ జిల్లాకు చిత్తూరే ముఖ్యపట్టణం. ఇక్కడి ప్రజల ఆచార వ్యవహారాలు ఇతని సంపుటాలలో విరివిగా కనిపిస్తాయి.

బాల్యము, విద్యాభ్యాసము

థర్స్టన్ 1855లో జన్మించాడు. తండ్రి ఛార్లెస్ బాస్‌వర్త్ థర్స్టన్ లండను సమీపంలోని క్యూ నివాసి. ఈటన్ పాఠశాలలో చదువు ముగించుకొని లండనులోని కింగ్స్ కళాశాలలో వైద్యవిద్యను అభ్యసించాడు. 1877లో వైద్య పట్టా పొందాడు. కొంతకాలం కెంట్ కౌంటీ మానసిక చికిత్సాలయంలో వైద్యాధికారిగా ఉన్నాడు. ఆ తరువాత కింగ్స్ కళాశాల మ్యూజియం బాధ్యతలు నిర్వహించాడు. శరీర నిర్మాణ శాస్త్రంలో గట్టి శిక్షణ, వస్తువులను వర్గీకరించి భద్రపరచే అలవాటు ఈ రెండు ఉద్యోగాలలోనే అలవడ్డాయని చెప్పవచ్చును. మద్రాసులో చేసిన పనికి ఈ రెండే పునాది.

మద్రాసు మ్యూజియంలో

1851లో ఎడ్వర్డ్ బాల్ఫర్ మొదటి అధికారిగా ఆరంభమైన మద్రాసు మ్యూజియమునకు 1885లో జార్జి బిడీ తరువాత థర్స్టన్ సూపరింటెండెంటుగా వచ్చాడు. ఎగ్మూరులోని పాంథియన్ ఆవరణలో ఉన్న ఈ మ్యూజియం అప్పటికే అమరావతి శిల్పాల వలన తెలుగువారికి ముఖ్యమైనది. మద్రాసుకు వెళ్ళిన పల్లెటూరి జనం జంతుప్రదర్శనశాలను బతికిన కాలేజీ అని, ఈ మ్యూజియంను చచ్చిన కాలేజీ అని పిలుచుకునేవారు. చిత్తూరు, నెల్లూరు ప్రాంతాల పాతతరం వారికి ఈ పేర్లు సుపరిచితమే. థర్స్టన్ కాలంలోనే మ్యూజియం కట్టడాలు విస్తరించాయి. అదే ఆవరణలో కన్నెమరా గ్రంథాలయం 1896లో ప్రజలకు తెరవబడింది.

మొదటి పదేళ్ళలో ఇతని దృష్టి సముద్రం మీద, నాణేల మీద ఉన్నది. మన్నారు సింధుశాఖలోని ముత్యపు చిప్పల, శంఖుల పరిశ్రమ గురించి, అక్కడి సముద్ర జీవుల గురించి వ్రాసిన గ్రంథం 1890లో వెలువడింది. రామేశ్వరం, తూత్తుకుడి ప్రాంతాలలో ఇతడు సేకరించిన నమూనాలను ఇంగ్లండులోని నిపుణులు పరిశీలించి వర్ణించారు. 1908లో వర్ణింపబడిన ఒక పెద్ద టేకుచేప జాతికి ఇతని పేరే పెట్టారు. ఈస్టిండియా కంపెనీ నాణేల చరిత్రను కూడ 1890లోనే ప్రచురించాడు. మద్రాసు వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించాడు. నేత వస్త్రాలు, పట్టు, ఉన్ని, దంతపు చెక్కడాల మీద ప్రభుత్వం కోరిన చిన్న పుస్తకాలు వ్రాసియిచ్చాడు. ఇవన్నీ ఒక ఎత్తు, 1894 తరువాత చేసిన పని ఒక ఎత్తు.

తలల కొలతలు

1894లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ వద్ద కొలత పరికరాలను అరువు తెచ్చుకొని థర్స్టన్ నీలగిరి కొండలలోని తోడా, కోటా, బడగ జనాలను కొలవడం ప్రారంభించాడు. మద్రాసులో ఎండలు మండుతున్నప్పుడు చల్లని కొండల మీద పరిశోధన చేయడం ఎంతో అనుకూలమని తోటివారు వేళాకోళం చేసినట్లు ఆ తరువాత తానే వ్రాసుకున్నాడు. ఆ తరువాత పరిశోధన మద్రాసు నగరానికి, అక్కడి నుండి రాజధాని ప్రాంతమంతటికీ విస్తరించింది. మ్యూజియంలో ఒక మానవశాస్త్ర ప్రయోగశాల ఏర్పడింది. మ్యూజియం చూడవచ్చిన వారిని సైతం, ఒక్కొక్కప్పుడు డబ్బు ఇచ్చి, ఇతడు కొలిచేవాడు. ఛాయాచిత్రాలు తీయించాడు. గిరిజనుల పాటలను ఫోనోగ్రాఫు మీద రికార్డు చేయించాడు.

కొలతలలో ముఖ్యమైనవి రెండు సూచికలు. తల వెడల్పును నూరుతో గుణించి పొడవుతో భాగించగా వచ్చేది కపాల సూచిక. అది 75 కంటె తక్కువైతే పొడవు తల, 80 దాటితే వెడల్పు తల అని లెక్క. ముక్కు విషయంలో వెడల్పును, పొడవును ఇదే విధంగా లెక్కించగా వచ్చేది నాసికా సూచిక. బెంగాలులో హెర్బర్ట్ రిస్లీ నాసికా సూచికకు చాలా ప్రాముఖ్యం ఇచ్చాడు. ముక్కు ఎంత సన్ననిదైతే కులం అంత ఉన్నతమైనదనే సూత్రాన్ని అతడు ప్రతిపాదించాడు. థర్స్టన్ కూడ చాలావరకు ఇదే దారిలో నడిచాడు. అడవులలో నివసించే తెగల ముక్కులను, పట్టణాలలోని బ్రాహ్మణుల ముక్కులను పక్కపక్కన పట్టికలలో పెట్టాడు. తమిళ దేశంలో పొడవు తలలు అధికమని, బళ్ళారి వైపు పీఠభూమిలో తలలు వెడల్పుగా ఉంటాయని గమనించాడు. దీనిలో గమనిక వరకు విలువైనదే. దానికి కల్పించిన జాతి సిద్ధాంతం మాత్రం తరువాతి శాస్త్రం ముందు నిలువలేదు.

చర్మపు రంగును కొలవడానికి ఇతడు వాడినది లోవిబాండ్ రంగుమాపకం. ఒక సారాయి బట్టీ యజమాని బీరు రంగును సరిచూసుకోవడానికి తయారుచేసిన పరికరం అది! రంగు గాజు పలకలను ఒకదానిపై ఒకటి పేర్చి, చర్మపు రంగుకు సరిపోయినప్పుడు అంకెలు వ్రాసుకునేవారు.

జనంలో కలిగిన భయాలు

కొలతల వేళ జనం పడిన భయాలను థర్స్టన్ తన గ్రంథపు పీఠికలో దాచకుండా వ్రాశాడు. నవ్వు పుట్టించే ధోరణిలో వ్రాసినప్పటికీ ఇవి ఆనాటి సామాన్యుల మనఃస్థితికి సాక్ష్యాలు. వయనాడులోని పణియ స్త్రీలు తమలో మంచి నమూనాలను చంపి, గడ్డి కూరి, మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని తలచి పారిపోయారు. పాత నేరమొకటి మీద పడి ఉన్న ఇరుళ మనిషి ఒకడు ఎత్తు కొలిచే కర్రను చూసి ఉరికంబమని భ్రమించి దగ్గరకు రాలేదు. కొలతకు వెళ్ళే భర్తకు ఇక చూడబోనని ఒక స్త్రీ వీడ్కోలు పలికింది. మునిసిపాలిటీ ఉద్యోగి అయిన ఒక పెద్దాయన కొలుస్తున్నంతసేపూ ఏడ్చాడు.

తెలుగువారికి సంబంధించిన సంఘటన కోయంబత్తూరులో జరిగింది. అక్కడి వడ్డెరలు (ఒడ్డెలు) తెలుగు మాట్లాడేవారు. వారికి బోయన్ అనే బిరుదు కలదు. అప్పుడే దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం ముగిసింది. బోయర్లందరూ చనిపోయారని, వారి స్థానంలో బోయన్లను ఓడ ఎక్కించి పంపడానికే ఈ దొర వచ్చాడని వడ్డెరలు నమ్మారు. అతని దిష్టి తగులుతుందని, అతడు ఊరు విడిచి వెళ్ళేవరకు కొత్త ఇటుక బట్టీకి నిప్పు పెట్టలేదు. పేర్ల పోలికలోనే పొరపాటున్నది. భయానికి మాత్రం ఆధారం లేకపోలేదు. ఆ రోజులలోనే తెలుగు కూలీలు వేల సంఖ్యలో మద్రాసు రేవు నుండి నేటాలుకు, మారిషస్‌కు ఓడలలో తరలింపబడుతున్నారు. మనుషులను ఎత్తుకొనిపోయే ఏజెంట్ల కథలు ఊరూరా వ్యాపించి ఉన్నాయి.

మైసూరు పర్యటనలో జనం ఇతనిని సైన్యంలో చేర్చుకునే అధికారి అనుకొని ఊళ్ళు ఖాళీ చేశారు. తలను, ఛాతీని, పాదాన్ని కొలవడం చూసి సిపాయిల దుస్తులు కుట్టే దర్జీ అనుకున్నవారూ ఉన్నారు. ముక్కు మొదలును గుర్తించడానికి నుదుటి వద్ద పెట్టే తెల్లరంగు చుక్క, ఆ తరువాత పొక్కి అంకెగా మారుతుందని, ఆ అంకెను బట్టి తమను పట్టుకొనిపోతారని అనుమానించారు. ఒక పట్టణంలో రథోత్సవం నాడు తేరు లాగడానికి కూలీలు మిగలలేదు. మరొకచోట మంగలి పారిపోవడంతో ఆ ఊరి పెద్ద అధికారి గడ్డం పెరిగిన ముఖంతోనే వచ్చి క్షమాపణ చెప్పుకున్నాడు.

ముఖకోణము, తల నిలుపు

అన్నింటికంటె జనం అసహ్యించుకున్న పరికరం గోనియోమీటరు, అనగా ముఖకోణాన్ని కొలిచే కోణమాపకం. కొలిచేటప్పుడు దాని భాగమొకటి నోటిలో పెట్టవలసి ఉంటుంది. ఒక కులం వారి నోటిలో పెట్టినది మరొక కులం వారి నోటిలో పెట్టడానికి ఎవరూ అంగీకరించేవారు కారు. కావున ఒక్కొక్కరిని కొలిచిన తరువాత దానిని చెరువుకు తీసుకుపోయి కడిగి తేవలసి వచ్చేది. ఎంగిలి, మైల అనే పట్టింపులు గల సమాజంలో ఐరోపా పరికరం ఎదుర్కొన్న ఇబ్బందికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ముఖకోణం అనే భావన డచ్చి శరీరశాస్త్రజ్ఞుడు పెట్రస్ కాంపర్ (1722 - 1789) నుండి వచ్చింది. చెవి రంధ్రం నుండి ముక్కు అడుగుకు ఒక గీత, నుదురు నుండి పై దవడ ముందు భాగానికి మరొక గీత గీచి, ఆ రెంటి మధ్య కోణాన్ని అతడు కొలిచాడు. కాంపర్ ఉద్దేశం ప్రధానంగా చిత్రకారులకు, శిల్పులకు వివిధ ముఖాలను సరిగా చిత్రించడం నేర్పడమే. మనుషులందరూ ఒకే మూలం నుండి వచ్చారని అతడు నమ్మాడు. కాని తరువాతి వారు ఆ కోణాన్ని మనుషులకు నిచ్చెన మెట్లుగా మార్చివేశారు. కోణం నిటారుకు దగ్గరైతే తెలివి అధికమని, దవడ ముందుకు వస్తే తక్కువని 19వ శతాబ్దంలో చాలామంది పండితులే నమ్మారు. థర్స్టన్ మద్రాసుకు తెచ్చిన గోనియోమీటరు ఈ పరంపరలోనిదే.

ఇక్కడ ఒక చిక్కు కలదు. తల పొడవు, వెడల్పు కొలవడానికి తల ఎలా ఉన్నా ఇబ్బంది లేదు, కాలిపరు రెండు కొనలు తగిలిన చోటే కొలత. ముఖం ముందుకు వాలిందా, వెనుకకు వాలిందా అని చెప్పడానికి మాత్రం ఏదో ఒక ఆధార గీత కావాలి. తల పైకెత్తితే గడ్డం ముందుకు వచ్చినట్లు, వంచితే లోపలికి పోయినట్లు కనిపిస్తుంది. గోడ పక్కన నిలబెట్టి బడిపిల్లల ఎత్తు కొలిచేవారికి కూడ ఇది అనుభవమే. పిల్లవాడు గడ్డం ఎత్తితే కొలత మారుతుంది. దీనికి ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాల్ బ్రోకా 1862లో ఒక సమాధానం చెప్పాడు. మనిషి నిలబడి దూరంగా సమాంతరంగా చూచినప్పుడు తల ఏ స్థితిలో ఉంటుందో అదే సహజ శిరోస్థితి అన్నాడు. కాని పుర్రెకు చూపు లేదు. పుర్రెలనే కొలిచే వారికి ఎముకల మీద గుర్తులు కావాలి. అందువలన జర్మనీ మానవశాస్త్రజ్ఞులు ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కుదుర్చుకున్న ఒప్పందం 1884లో ప్రకటింపబడింది. చెవి రంధ్రపు పై అంచును, కంటి గుంట కింది అంచును కలిపే గీతను నేలకు సమాంతరంగా ఉంచి పుర్రెను నిలపాలని దాని సారాంశం. దీనినే ఫ్రాంక్‌ఫర్ట్ సమతలం అంటారు.

1931లో అమెరికాలో బ్రాడ్‌బెంట్, జర్మనీలో హోఫ్‌రాత్ తలను ఒక చట్రంలో కదలకుండా నిలిపి ఎక్స్-రే చిత్రం తీసే పద్ధతిని వేరువేరుగా ప్రకటించారు. చెవులలో చిన్న కడ్డీలు పెట్టి తలను నిలిపే ఆ చట్రం మానవశాస్త్రజ్ఞుల పుర్రె చట్రానికి వారసురాలు. ఈ విధంగా కొలతలు మ్యూజియం నుండి దంతవైద్యుని గదికి వచ్చాయి. పళ్ళకు క్లిప్పులు వేయించుకునే పిల్లలకు ప్రక్క నుండి తీసే తల ఎక్స్-రే ఇదే. ఆ చిత్రం మీద వైద్యుడు గీతలు గీచి, పై దవడ ముందుకు వచ్చిందా, కింది దవడ వెనుకబడిందా, పన్ను తీయాలా, శస్త్రచికిత్స అవసరమా అని నిర్ణయిస్తాడు.

ఫ్రాంక్‌ఫర్ట్ గీత అందరిలోనూ నేలకు సమాంతరంగా ఉండదని దంతవైద్యులు క్రమంగా గుర్తించారు. చెవి రంధ్రం కొందరిలో కొంచెం పైకి, కొందరిలో కొంచెం కిందికి ఉంటుంది. చెవి కిందికి ఉన్న వ్యక్తి సహజంగా నిలబడితే ఆ గీత ముందువైపు పైకి లేచి ఉంటుంది. దానిని బలవంతంగా సమాంతరం చేస్తే అతని ముఖం కిందికి వంగి, బాగున్న గడ్డం కూడ వెనుకబడినట్లు కాగితం మీద కనిపిస్తుంది. లేని లోపానికి చికిత్స చేసే ప్రమాదం ఇక్కడే ఉన్నది. 1958లో మూరీస్, కీన్ అనే పరిశోధకులు బ్రోకా చెప్పిన సహజ శిరోస్థితిని మళ్ళీ ముందుకు తెచ్చారు. కూనరాడ్ మూరీస్ దంతవైద్యంతోపాటు మానవశాస్త్రంలోనూ పనిచేసినవాడు కావడం గమనార్హం. వ్యక్తిని నిలబెట్టి, ఎదుట అద్దంలో తన కళ్ళలోకి తానే చూడమని చెప్పి, ఆ స్థితిలో ఎక్స్-రే తీస్తారు. పక్కన వ్రేలాడదీసిన సన్నని గొలుసు, తాపీమేస్త్రి తూకపు గుండు దారం వలె, నిజమైన నిలువు గీతను చిత్రం మీద చూపుతుంది. అప్పుడు ఆధారం శరీరంలోని ఎముక కాదు, భూమ్యాకర్షణ. మళ్ళీ మళ్ళీ నిలబెట్టి చూసినా తేడా సుమారు 2 డిగ్రీల లోపే ఉంటుందని వారు చూపారు. ఎముకల గీతలు మనిషికి మనిషికి అంతకంటె చాలా ఎక్కువగా మారుతాయి.

థర్స్టన్ పట్టికలలోని ముఖకోణాలను ఈ దృష్టితో చూచినప్పుడు వాటి బలహీనత తెలుస్తుంది. ఆ అంకెలు దవడ వాలును ఎంత చెపుతాయో, చెవి ఎక్కడ ఉన్నదో కూడ అంతే చెపుతాయి. ఆ రెంటినీ విడదీసే మార్గం ఆ పరికరంలో లేదు.

పోలీసులు, నేరస్థ జాతులు

థర్స్టన్ మద్రాసు పోలీసులకు కూడ శరీర కొలతలలో శిక్షణ ఇచ్చాడు. ఫ్రెంచి పోలీసు అధికారి బెర్టియాన్ పద్ధతిలో నేరస్థుల తల, చెవి, వేలు, పాదం కొలతలు నమోదుచేసి మళ్ళీ పట్టుబడినప్పుడు గుర్తించేవారు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలసిన తరువాత ఈ పద్ధతి క్రమంగా మూలపడింది. అయితే కొలతల అలవాటు, కులాన్ని బట్టి మనిషి స్వభావాన్ని నిర్ణయించే అలవాటు రెండూ కలిసి చేసిన కీడు తక్కువ కాదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికి విస్తరింపబడింది. ఎరుకల వారు మొదలగు సంచార జనాలు పుట్టుకతోనే నేరస్థులుగా ముద్రపడి, పోలీసు స్టేషనులో హాజరు వేయించుకోవలసిన స్థితి వచ్చింది. చట్టం చేసినది థర్స్టన్ కాదు. కాని ఆ జనాల గురించి అతని సంపుటాలలో సంకలనమైన కథనాలలో చాలా భాగం పోలీసు అధికారులు, జైలు అధికారులు వ్రాసియిచ్చినవే. మద్రాసులో ఆ చట్టం 1947లోను, దేశమంతటా 1952లోను రద్దయింది. ఆ ముద్ర మాత్రం చాలా కాలం మాసిపోలేదు.

దక్షిణ భారత కులాలు, తెగలు

1901లో భారత ప్రభుత్వం దేశమంతటా జాతివివరణ సర్వేకు అనుమతినిచ్చింది. దీనికి రిస్లీ నాయకుడు. మద్రాసు రాజధానికి థర్స్టన్ సూపరింటెండెంటుగా నియమింపబడ్డాడు. మ్యూజియం ఉద్యోగం యథాతథంగా చేస్తూనే ఈ పని కూడ చేయవలసి ఉండెను. ఒక్కొక్క రాష్ట్రానికి సాలుకు కేటాయించినది 5,000 రూపాయలు మాత్రమే. మొదట ఐదేళ్ళకు మంజూరైన సర్వే తరువాత ఎనిమిదేళ్ళకు పొడిగింపబడింది. 1901 జనగణన ప్రకారం సుమారు 3 కోట్ల 80 లక్షల జనాభా గల రాజధానికి ఇది ఎంత స్వల్పమో వేరుగా చెప్పనక్కరలేదు. ప్రశ్నావళులు అచ్చువేయించి జిల్లాలకు పంపారు. వచ్చిన జవాబులు అన్నీ తృప్తికరంగా లేవు. రాపిడితో నిప్పు పుట్టించే విధానాన్ని గురించి వచ్చిన ఒక జవాబు చదివితే ఏమీ అర్థం కాదని థర్స్టన్ చమత్కరించాడు.

ఈ పనికి కుడిభుజం కె. రంగాచారి. మ్యూజియంలో వృక్షశాస్త్ర విభాగపు ఉద్యోగి అయిన ఇతడు దుబాసిగా, ఛాయాచిత్రకారుడుగా, ఫోనోగ్రాఫు రికార్డులు తీసేవాడుగా పనిచేశాడు. థర్స్టన్ ఐరోపా వెళ్ళినప్పుడు సర్వే బాధ్యత ఇతనిదే. గ్రంథం ముఖపత్రం మీద సహాయకుడుగా రంగాచారి పేరు ముద్రింపబడింది. ఆనాటి దొరల పుస్తకాలలో ఇది అరుదైన విషయం. తరువాత ఇతడు కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి, దక్షిణ భారతపు గడ్డిజాతుల మీద 1921లో ప్రామాణిక గ్రంథం వ్రాశాడు. జనుల భాషలు, ఆచారాలు గ్రంథంలోకి ప్రవేశించడానికి థర్స్టన్ కాలిపరు కంటె రంగాచారి చెవే ఎక్కువ తోడ్పడిందని భావించవచ్చును.

1909లో ఏడు సంపుటాలు అకారాది క్రమంలో వెలువడ్డాయి. మూడు వందలకు పైగా కులాలు, తెగలు ఇందులో వర్ణింపబడ్డాయి. కాపు, కమ్మ, బలిజ, కోమటి, మాల, మాదిగ, బోయ, గొల్ల, యానాది, ఎరుకల, లంబాడీ, దాసరి మొదలగు తెలుగు సమూహాల వివరాలు విస్తారంగా ఉన్నాయి. పెండ్లి తంతులు, ఇంటిపేర్లు, గోత్రాలు, సామెతలు, వృత్తి పనిముట్లు, చావు కర్మలు ఇందులో దొరుకుతాయి. యంత్రాలు రాకముందు చేతివృత్తుల వారి జీవనం ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇవి చాలా ఉపకరిస్తాయి.

ఉత్తర ఆర్కాడు ప్రాంతపు విషయాలకు థర్స్టన్ ప్రధాన ఆధారం జిల్లా మాన్యువల్. 1881లో ఏ. ఎఫ్. కాక్స్ వ్రాసిన దీనిని హెచ్. ఏ. స్టూవర్టు 1890లలో విస్తరించాడు. స్టూవర్టు 1891 మద్రాసు జనగణనకు అధికారి కూడ. థర్స్టన్ ఈ మాన్యువల్ నుండి భాగాలకు భాగాలే తీసుకున్నాడు. తీసుకున్నచోట మూలం చెప్పాడు. తిరుపతి యాత్ర, తలనీలాలు, మొక్కుబడులు అనేక కులాల వర్ణనలలో తారసపడతాయి. కులం ఏదైనా, తలను కొలిపించుకోవడానికి పారిపోయినవారైనా, అదే తలను తిరుమల కొండ మీద క్షురకునికి సంతోషంగా అప్పగించేవారు. గ్రంథం వెలువడిన రెండేళ్ళకే, 1911 ఏప్రిల్ 1న, ఉత్తర ఆర్కాడు నుండి తెలుగు తాలూకాలను విడదీసి, కడప జిల్లాలోని మదనపల్లె, వాయల్పాడు తాలూకాలను చేర్చి చిత్తూరు జిల్లాను ఏర్పరచారు. కావున చిత్తూరు జిల్లా అనే పేరుతో వెదికేవారికి ఈ సంపుటాలలో ఏమీ కనిపించదు, ఉత్తర ఆర్కాడు, కడప అనే పేర్ల కింద చూడాలి. తిరుపతి జిల్లా 2022లో ఏర్పడింది.

విమర్శ

థర్స్టన్ గ్రంథంపై విమర్శలు రెండు విధాలు. మొదటిది విషయ సేకరణ గురించి. ఒక ఊరిలో ఒకరు చెప్పినది కులమంతటి ఆచారంగా నమోదైన సందర్భాలు చాలా ఉన్నాయి. కొన్ని కులాల గురించి ఇతర కులాల వారు చెప్పిన అవమానకరమైన పుట్టుక కథలు విచారణ లేకుండా చేరాయి. తరువాతి కాలంలో కులనిర్ధారణ వివాదాలలో న్యాయస్థానాలు సైతం ఈ సంపుటాలను ఉదహరించాయి. అందువలన ఈ లోపం పుస్తకానికే పరిమితం కాలేదు.

రెండవది కొలతల గురించి. రిస్లీ సేకరించిన బెంగాలు కొలతలను ప్రశాంత చంద్ర మహలనోబిస్ 1933లో తిరిగి పరిశీలించి అందులోని తప్పులను ఎత్తిచూపాడు. సమూహాల మధ్య దూరాన్ని ఒక్క ముక్కుతోనో, ఒక్క కోణంతోనో కాక, అనేక కొలతలను కలిపి గణించే విధానాన్ని అతడు రూపొందించాడు. ఈ మార్గంలో పనిచేసినవారిలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కలియంపూడి రాధాకృష్ణ రావు (సి. ఆర్. రావు) ఒకరు. 1940లలో ఉత్తర ప్రదేశ్ కొలతల విశ్లేషణలో పాల్గొని, 1946లో కేంబ్రిడ్జికి వెళ్ళి సూడానులోని జెబెల్ మోయాలో త్రవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలను పరిశీలించాడు. ఒకే కులంలోని వ్యక్తుల మధ్య తేడాలు, రెండు కులాల సగటుల మధ్య తేడా కంటె సాధారణంగా ఎక్కువని ఇటువంటి లెక్కల వలన స్పష్టమైంది. అమెరికా చరిత్రకారుడు నికొలస్ డర్క్స్ 2001లో ప్రచురించిన గ్రంథంలో థర్స్టన్ పనిని వలస ప్రభుత్వపు పాలనా యంత్రాంగంలో భాగంగా విశ్లేషించాడు.

తిరుపతిలో 1954లో స్థాపింపబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయపు మానవశాస్త్ర విభాగం ఈ ప్రాంతపు యానాదులు, సుగాలీలు మొదలగువారిపై అధ్యయనాలు చేసింది. తల పొడవు, వెడల్పు కొలిచే కాలిపరు విద్యార్థుల ప్రయోగశాలలో మిగిలే ఉంది, కాని దానితో ఎవరినీ ఎవరికంటె పైన, కింద అని నిలబెట్టరు. పెరుగుదల, పోషణ, రక్తపు గుంపులు వంటివి ముఖ్య విషయాలయ్యాయి. దంతవైద్యంలో సైతం ఒక పాఠం ఆలస్యంగానే వచ్చింది. ఎక్స్-రే కోణాలకు మొదట కట్టిన ప్రమాణాలు చాలావరకు అమెరికాలోని తెల్లజాతి పిల్లలవి. వాటితో పోల్చితే పెదవులు, పళ్ళు కాస్త ముందుకు ఉండే తెలుగు పిల్లల ముఖాలు అనేకం లోపభూయిష్టంగా లెక్కకు వస్తాయి. అందుచేత భారతదేశంలోని వివిధ ప్రాంతాల వారికి, ఆంధ్రులకు కూడ, వేరుగా ప్రమాణాలు కట్టే పరిశోధనలు జరిగాయి.

చివరి రోజులు

1908 ప్రాంతంలో థర్స్టన్ మ్యూజియం నుండి విరమించుకున్నాడు. జె. ఆర్. హెండర్సన్ ఆ పదవిలోకి వచ్చాడు. 1909లో ప్రభుత్వం సి.ఐ.ఇ. బిరుదునిచ్చి గౌరవించింది. అంతకుముందే కైసర్-ఇ-హింద్ పతకం లభించింది. ఇంగ్లండుకు చేరిన తరువాత 1912లో దక్షిణ భారతపు శకునాలు, మూఢనమ్మకాల గురించి, 1913లో మద్రాసు రాజధాని భౌగోళిక వర్ణన గురించి పుస్తకాలు ప్రచురించాడు. 1906లో వెలువడిన జాతివివరణ టిప్పణులు అనే గ్రంథం వీటికి ముందరిది.

ఆ తరువాత మనుషుల కొలతలను పూర్తిగా వదిలివేశాడు. కార్న్‌వాల్ ప్రాంతంలోని పెన్‌జాన్సులో ఉంటూ అక్కడి మొక్కలను పరిశీలించాడు. కార్న్‌వాల్ వృక్షజాతుల గ్రంథానికి 1922లో మరొకరితో కలిసి అనుబంధం వ్రాశాడు. ఆ ప్రాంతంలో పెరిగే స్వదేశీ, విదేశీ చెట్ల మీద 1930లో ఒక పుస్తకం ప్రచురించాడు. 1935 అక్టోబరు 12న పెన్‌జాన్సులో మరణించాడు.

కులాలు, తెగలు సంపుటాలు భారతదేశంలో పలుమార్లు పునర్ముద్రణ పొందాయి. ప్రాజెక్టు గూటెన్‌బర్గ్ వారు వీటిని అంతర్జాలంలో ఉచితంగా అందుబాటులో ఉంచారు.